కాగితం కదలని చోటు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం కూడా లేదు. చిన్నప్పుడు మా ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్‌లో తలుపులు మూసేసిన ఖాళీ క్వార్టర్ల ముందు నుంచి పిల్లలందరూ పరుగెత్తేవాళ్ళు, నేను మాత్రం మామూలుగా నడిచే వెళ్ళేదాన్ని. నాకున్నదల్లా రోత. మిగతావాళ్ళు ఒళ్ళు జలదరించి పారిపోయే చోట నేను ముక్కు మూసుకుంటాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఎవరినో భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్తే మనసులోంచి కొంచెమైనా పోతుందేమోనని.

స్మృతి నగర్‌లో నాకో చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. నేను, మా ఆయన కలిసి నడుపుతాం. ఆయన బయట కెమెరాలు బిగించే పని చూసుకుంటే, బల్ల ముందు కూర్చునే పని నాది.

ఇది చేతికి మట్టి అంటని ఉద్యోగమని జనం అనుకుంటారు. ఒక్కసారి కంప్యూటర్ పక్క రేకు విప్పి చూస్తే తెలుస్తుంది. వెచ్చగా ఉంటుందని బొద్దింకలు లోపల కాపురం పెడతాయి. ఫ్యానులో చిక్కుకున్న బల్లి ఎండిపోయి అట్టముక్కలా ఉంటుంది. గుట్కా నమిలేవాళ్ళ కీబోర్డు తిరగేస్తే ఏం రాలుతుందో చెప్పలేను. కొందరు వంటింటి పక్కనే పెట్టుకుంటారు. పోపు నూనె ఆవిరికి మా ఊరి ఎర్రధూళి తోడై లోపలంతా జిగురు పట్టేస్తుంది. దాన్ని గీకి గీకి తీయాలి. అలాంటి రోజున ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

అయితే ఎంత రోత పనైనా దానికో కారణం దొరికేది. మిషను వేడెక్కి ఆగిపోయిందంటే లోపల గాలి ఆడటం లేదని అర్థం. లేదంటే ఫ్యాను సరిగా తిరగటం లేదు, లేదంటే ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసే పేస్టు ఎండిపోయింది. ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టుకుంటూ పోతే చివరికి మిగిలేదే జబ్బు. ఇన్నేళ్ళూ నేను ఆ పద్ధతినే నమ్ముకున్నాను. ఆ జనవరిలో రమణమ్మ గారి మిషను దగ్గర మాత్రం అన్నీ చూసి పక్కన పెట్టేశాను, జబ్బు మాత్రం అలాగే ఉంది.

రమణమ్మ గారు నందిని గనుల కాలనీ బడిలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. సెక్టర్ 2లో తమ్ముడి క్వార్టర్‌లో ఉంటారు. తమ్ముడికి ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ముందు వరండాకి తలుపులు, కిటికీలు పెట్టించి ఆవిడకి గదిగా చేసిచ్చారు. అందులో ఒక మంచం, ఒక బల్ల, ఒక కంప్యూటరు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఆ కంప్యూటరు ముందు కూర్చుని వీడియోలో తెలుగు నేర్పుతారు. ఈ హిందీ ఊళ్ళో పుట్టిన మన తెలుగు పిల్లలకి ఇంట్లో వినపడే తెలుగు కన్నా వీధిలో హిందీయే బాగా వచ్చు కదా. అలాంటివాళ్ళకి అక్షరాలు దిద్దించడమే ఆవిడ పని.

ఆవిడ ఫోన్ చేసి చెప్పిన మాట నాకింకా గుర్తుంది.

"అమ్మా, నా కంప్యూటరు పాఠం మజ్జిలో ఆగిపోతందమ్మా. ముందు ఓ అని అరుస్తాది, తరవాత టప్పుమని నల్లగా అయిపోతాది. 'టీచర్ భాగ్ గయీ', పారిపోయింది అని పిల్లలు నవ్వుతున్నారు. ఒకసారొచ్చి సూడవా?"

వెళ్ళాను. గేటు తీసి లోపల అడుగుపెట్టగానే వాసన ముఖాన కొట్టింది. ఫినాయిల్, దాని మీద అగరొత్తులు, ఆ రెండింటి కింద నుంచి ఇంకేదో.

తమ్ముడి భార్య గౌరి లోపలి గది గుమ్మంలో నిలబడి ఉంది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"సారీ దీదీ, చూహా మరా హై. ఎలక ఎక్కడ సచ్చిందో తెలవట్లేదు. మంచాలు, అల్మారాలు అన్నీ జరిపి చూసేశాం. ఈ వరండాలోనే ఎక్కడో ఉంది" అంది. మాట్లాడినంత సేపూ గుమ్మం దాటి ఇవతలికి రాలేదు. ఆడబిడ్డకి తెచ్చిన టీ కప్పు కూడా గుమ్మం పక్కనున్న స్టూలు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. రమణమ్మ గారే లేచి, గోడ పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి తెచ్చుకున్నారు.

"వాసనొస్తందా అమ్మా? నాకైతే ఏటీ తెల్దు" అన్నారావిడ. "ఆ పాడు జ్వరం వొచ్చిన కాడి నుంచి ముక్కు పోయింది. టీ తాగినా ఒకటే, వేణ్ణీళ్ళు తాగినా ఒకటే."

చక్కటి మనిషి. ఇస్త్రీ చేసిన చీర, భుజాల మీద శాలువా, కాళ్ళకి ముదురు రంగు ఊలు మేజోళ్ళు, నుదుట చిన్న బొట్టు. అలాంటి మనిషిని ఈ కంపులో వదిలేసి తలుపులు వేసుకున్నారే అని నాకు ఆ ఇంటివాళ్ళ మీద అసహ్యం వేసింది.

కంప్యూటరు డబ్బా బల్ల కింద ఉంది. వేడిగాలి బయటికి వచ్చే వెనకవైపు జాలీ గోడ వైపు కాకుండా మనిషి కూర్చునే వైపుకి తిప్పి ఉంది. వైర్లు ఊడితే అక్కకి పెట్టుకోవడం తేలికని తమ్ముడే అలా పెట్టాడట. బయటికి లాగబోతే జాలీ దగ్గర వేళ్ళకి ఏదో జిగురుగా తగిలింది. చేయి వెనక్కి లాక్కుని చూసుకున్నాను. గోధుమరంగు మరక. చచ్చిన ఎలక డబ్బా వెనకే ఎక్కడో ఉండి ఉంటుందనుకున్నాను. టార్చి వేసి చూస్తే ఎలక లేదు. డబ్బాని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, స్కూటీ ముందు పెట్టుకుని దుకాణానికి తెచ్చేశాను.

ఆ జాలీని శుభ్రం చేసిన సంగతి కొంచెమే చెప్తాను. కన్నాల్లో ఏదో పొరలా అంటుకుని ఉంది, పాల మీద మీగడ ఎండి గిన్నెకి పట్టేసినట్టు. స్క్రూడ్రైవరుతో గీకితే చుట్టలు చుట్టుకుని ఊడి వచ్చింది. మధ్యలో ఒకసారి లేచి బయటికెళ్ళి కక్కొచ్చాను. మళ్ళీ ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని స్పిరిట్‌తో తుడిచాను.

లోపల చూస్తే నేననుకున్నవే ఉన్నాయి. పేస్టు ఎండి సుద్దలా అయిపోయింది, ఫ్యాను బేరింగు అరిగింది. వేడికి బోర్డు మీద ఉబ్బిపోయినవి, మాడినవి ఏమైనా ఉన్నాయా అని చూశాను, లేవు. కొత్త పేస్టు పూసి, కొత్త ఫ్యాను వేసి, మిషనుకి కావాలనే బరువైన పని పెట్టి వదిలేశాను. మధ్యాహ్నమంతా నడిచింది. వేడి పెరగలేదు. పని అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం ఇంకో పని చేసుకుంటూ ఉంటే ఆ మిషను ఒక్కసారిగా అరిచింది. ఫ్యాను గొంతు చించుకుంటోంది. దానికప్పుడు నేను ఏ పనీ పెట్టలేదు. తెర మీద చూస్తే వేడి పెరుగుతూ పోతోంది. సెన్సర్ తప్పు చెబుతోందేమోనని లోపల వేలు పెడితే చురుక్కుమంది. నేను చూస్తూ ఉండగానే టప్పుమని ఆగిపోయింది.

ఆ వెంటనే వాసన వచ్చింది. అదే వాసన.

గీకినది ఇంకా ఎక్కడో మిగిలిపోయి, వేడికి వాసనొస్తోందనుకున్నాను. అందుకని ఆ డబ్బానే మార్చేశాను. దుకాణంలో ఉన్న కొత్త డబ్బా తీసి, కొత్త పవర్ సప్లై పెట్టి, వైర్లు కూడా కొత్తవే వేశాను. ఆవిడ మిషనులోంచి బోర్డు, దాని మీద ఉన్న ప్రాసెసరు, హార్డ్ డిస్కు మాత్రం ఇందులోకి మార్చాను. వాటిని కూడా ముందు స్పిరిట్‌తో తుడిచి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఇది నాకెంత రోత కలిగించే పనో అర్థమయ్యే ఉంటుంది. దేనికీ వాసన లేదు. పాత డబ్బాని కడిగి దుకాణం వెనక ఎండలో పడేశాను.

మర్నాడు పగలంతా మిషను మాట విన్నది. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ అరుపు, మళ్ళీ వేడి, మళ్ళీ అదే కంపు. అదే డబ్బాలో దుకాణంలోని వేరే బోర్డు పెట్టి నడిపితే ఏ గొడవా లేదు. ఆవిడ బోర్డు తిరిగి పెడితే, సాయంత్రం కాగానే మొదలు.

గాలి సరిగా బయటికి వస్తోందో లేదో చూసుకోవడానికి మాకో పాత పద్ధతి ఉంది. పల్చటి టిష్యూ కాగితం ముక్క తీసుకుని జాలీకి ఎదురుగా పట్టుకుంటాం. గాలి వస్తూంటే కాగితం రెపరెపలాడుతుంది. మిషను అరుస్తూ ఉండగా ఆ కాగితం పట్టుకున్నాను. పైభాగంలో రెపరెపలాడింది. కుడివైపు రెపరెపలాడింది. ఎడమవైపు కిందికి తెచ్చేసరికి ఉరితీసినట్టు వేలాడిపోయింది.

ఒక అంగుళం పక్కకి జరిపితే గాలి ఉంది. వెనక్కి తెస్తే లేదు. లోపల ఫ్యాను చక్కగా తిరుగుతోంది, బయట అడ్డం ఏమీ లేదు. నా బల్ల, నా గోడ, మధ్యలో ఖాళీ. ఫ్యాను ఊడదీసి, పై అంచు కిందికి వచ్చేలా తిప్పి పెట్టాను. అయినా సరిగ్గా ఆ చోటే కాగితం కదలదు. మార్కర్ పెన్ను తీసుకుని, కాగితం ఎక్కడెక్కడ ఆగిపోతోందో అక్కడక్కడ జాలీ మీద చుక్కలు పెట్టాను. ఏటవాలుగా, నా అరచేయి కన్నా పొడుగ్గా, నడుమ కొంచెం సన్నగా ఒక ఆకారం వచ్చింది. అదేమిటో అప్పుడు నాకు తోచలేదు.

తర్వాత చేయకూడని పని చేశాను. ఆ చుక్కల మధ్య అరచేయి ఆనించాను.

జాలీ ఇనుపది. ఇనుము తగలాలి. తగల్లేదు. వెచ్చగా, చెమ్మగా, నొక్కితే లోపలికి పోయేలా ఏదో తగిలింది. ఎక్కువసేపు ఉంచలేదు, చేయి లాక్కున్నాను. లాక్కున్నాక చూస్తే అరచేయి పొడిగానే ఉంది. కానీ వాసన వేస్తోంది. సబ్బుతో కడిగాను, స్పిరిట్‌తో కడిగాను, మళ్ళీ సబ్బుతో కడిగాను. ఆ రోజు అన్నం చెంచాతో కూడా తినలేకపోయాను.

మర్నాడు సాయంత్రం మా అమ్మ దుకాణానికి వచ్చింది. మా అమ్మా నాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. నాన్న ప్లాంటులో రిటైరయ్యాడు. అమ్మకి ఇన్నేళ్ళైనా మాట మారలేదు. గుళ్ళో ప్రసాదం ఇచ్చిపోదామని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే ఈ కంపు?"

"కస్టమరింట్లో ఎలక సచ్చిందంటమ్మా. ఆ మిషనుకి పట్టీసింది."

అమ్మ లోపలికి వచ్చి మిషను దగ్గరికి వంగి చూసింది. ముక్కు మూసుకోలేదు. మొహం మాత్రం గట్టిపడిపోయింది.

"ఎలక కంపు నాకు తెల్దేటే? ఇది అది కాదు. ఇది తియ్యగా ఉండే కంపు. మీ తాతకి కాలు కుళ్ళిపోయినప్పుడు ఎన్నాళ్ళో ఈ కంపులోనే వొండేను, ఈ కంపులోనే తిన్నాను. ఇది మనిసి పుండే. ఎవలింటిదే ఈ డబ్బా? ఆలింట్లో ఎవలికి బాగులేదు?"

నాకు కోపం వచ్చింది. కొత్త డబ్బాకి మనిషి పుండు వాసన ఎలా వస్తుందమ్మా, బుర్ర పెట్టి మాట్లాడు అన్నాను. అమ్మ ప్రసాదం అక్కడ విప్పలేదు, తిరిగి పట్టుకుపోయింది. పోతూ పోతూ, "ఎల్లి సూడు. నీకేటి పోద్ది?" అంది.

ఆ రాత్రి ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు రమణమ్మ గారికి పాఠం మొదలయ్యే వేళ చూసుకుని మిషను పట్టుకుని వెళ్ళాను. అక్కడ పెట్టి చూస్తేగానీ జబ్బు తెలియదని చెప్పాను. అది అబద్ధం కాదు.

ఆ ఇంట్లో వాసన ఇంకా ముదిరింది. గౌరి ఈసారి గుమ్మంలోకి కూడా రాలేదు, లోపల నుంచే పలకరించింది. రమణమ్మ గారి మొహం పీక్కుపోయి ఎర్రగా ఉంది. చలి చేసింది కాబోలనుకున్నాను. మిషను లేని రోజుల్లో పాఠాలు ఆపేశారా అని అడిగాను.

"ఎందుకాపుతానమ్మా? రోజూ ఈ వేళకే ఇదే కుర్చీలో కూకుని ఫోన్లో సెప్పేను. అక్షరాలు మరీ సీమల్లాగ కనిపిస్తాయి గాని, పిల్లలు మర్సిపోతారు కదా."

డబ్బాని పాత చోటే, పాతలాగే బల్ల కింద పెట్టి వైర్లు తగిలించాను. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. తెర మీద పిల్లల మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. అందరూ కలిసి "నమస్తే టీచర్" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. గుణింతం మొదలుపెట్టారు. క, కా, కి, కీ. పిల్లలు హిందీ యాసలో ఆ వరసంతా అప్పజెబుతున్నారు.

నేను టార్చి, కాగితం ముక్క పట్టుకుని బల్ల కిందికి దూరి కూర్చున్నాను. నోటితో గాలి పీలుస్తున్నాను.

కాసేపటికి ఆవిడ ఎడమకాలు ముందుకి జరిగింది. మెల్లగా వచ్చి జాలీకి ఆనుకుంది. ఎడమవైపు కింద, ఏటవాలుగా. నేను దుకాణంలో పెట్టిన చుక్కలు ఆ మేజోడు అంచు చుట్టూ కనిపిస్తున్నాయి. ఒక్క చుక్క కూడా పాదం కిందికి పోలేదు, ఒక్కటి కూడా దూరంగా లేదు.

ఫ్యాను అరవడం మొదలుపెట్టింది.

"టీచరమ్మ గారూ, కాలు వెనక్కి తీయండి" అన్నాను.

"నా కాలు నేల మీదే ఉంది కదమ్మా" అన్నారావిడ, పైనుంచి, మామూలు గొంతుతో.

ఆవిడకి తెలియదు. వేడిగాలి కొడుతున్న ఇనుప జాలీకి తన కాలు ఆనుకుని ఉందని ఆవిడకి నిజంగా తెలియదు. నేనే ఆ మడమ పట్టుకుని వెనక్కి లాగాను. మేజోడు జాలీకి అంటుకుపోయి ఉంది. సాగి, తడిగా ఊడి వచ్చింది. నేను మిషను ఆపేశాను. తెర మీద పిల్లలు మాయమైపోయారు.

"మేజోడు తీయాలండి" అన్నాను.

"ఎందుకమ్మా? చలికి తీయట్లేదు. కాళ్ళు ఐసు ముక్కల్లాగుంటన్నాయి. సుగరుంది కదా, మొద్దుబారిపోతాయంటారు. ఆ మజ్జిన ఉతికితే ఏదో మరక కనిపించింది గాని, మన ఊరి ఎర్రమట్టేలే అనుకున్నాను."

నేను తీశాను. చెప్పడానికి ఇష్టం లేదు, అయినా చెప్పాలి. మేజోడుతో పాటు ఇంకొంత ఊడి వచ్చింది. అరికాలు ముందుభాగం నల్లగా, పసుపుగా ఉంది. వేళ్ళ సందుల్లో లోపలిదాకా కనిపిస్తోంది. నేను తల పక్కకి తిప్పుకుని నేల మీదే వాంతి చేసుకున్నాను. ఆవిడ కంగారుపడి "అయ్యో, ఏటయ్యిందమ్మా, నీళ్ళు కావాలా?" అని నా వీపు నిమరబోయారు. ఆ కాలుతోనే లేవబోయారు.

నా కేకకి గౌరి వచ్చింది. చూసింది. చున్నీ నోట్లో కుక్కుకుని గోడకి జారగిలబడిపోయింది.

"వదినా, మేం ఎలక అనుకున్నాం" అంది ముందు. తర్వాత ఏడుస్తూ నిజం చెప్పేసింది. "ముందు ఎలకే అనుకున్నాం. తరవాత... తరవాత మీరు సరిగ్గా స్నానం చెయ్యట్లేదేమో అనుకున్నాం. ఎలా చెప్పాలో తెలియక..."

రమణమ్మ గారు అప్పుడు మొదటిసారి వంగి, నా టార్చి వెలుగులో తన కాలు తను చూసుకున్నారు. చాలాసేపు చూశారు. అది తనది కానట్టు చూశారు. తర్వాత తల ఎత్తి గౌరితో అన్న మాట అది ఒక్కటే.

"సెప్పొచ్చు కదే గౌరీ."

నాకు అసలైన రోత అప్పుడు కలిగింది. అది ఆ కాలు మీద కాదు. మనిషి కుళ్ళిపోతుంటే మర్యాదకి చెప్పలేక అగరొత్తులు వెలిగించుకుంటూ కూర్చున్న ఇంటి మీద. నేను మాత్రం? కారణం మొత్తం నా బల్ల మీదే ఉన్నా, అమ్మ చెప్పేదాకా నాకు పట్టలేదు.

ఆటో పిలిచి, కాలికి దుప్పటి చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గౌరి దారి పొడుగునా ఆవిడ తలని ఒళ్ళో పెట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది, అప్పటికే జ్వరం బాగా ఉంది. డాక్టరు చూసి, చిన్న కాలిన గాయంతో మొదలై ఉంటుందన్నాడు. స్పర్శ లేని కాలుని రోజూ వేడికి ఆనించడం వల్ల కాలింది, తెలియక మళ్ళీ మళ్ళీ ఆనించడం వల్ల కుళ్ళింది. విషం ఒంట్లోకి ఎక్కడం మొదలైందని, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని చెప్పాడు. వేళ్ళు, పాదం ముందుభాగం తీసేశారు. కొన్నాళ్ళు అటా ఇటా అన్నట్టు ఉన్నారు. బతికారు.

కాబట్టి జబ్బుకి కారణం దొరికినట్టే. ఆవిడ పాదం జాలీకి అడ్డం పడుతోంది, గాలి ఆగిపోతోంది, మిషను వేడెక్కుతోంది. ఆ వేడికి పాదం కాలుతోంది. ఏ పాఠంలోనైనా రాసుకోదగ్గంత సరైన కారణం. ఆ ఇంట్లో ఉన్నంతవరకు సరిపోతుంది. నా దుకాణంలో ఏ పాదం అడ్డం పడింది?

మా ఆయన ఓపిగ్గా అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాడు. ఫ్యాను ముందు ఎక్కడో ఒకచోట గాలి తగలని జాగా ఎప్పుడూ ఉంటుందన్నాడు. ఉంటుంది, కానీ ఫ్యాను తిప్పి పెడితే అది కూడా తిరగాలి. సాయంత్రం మన లైనులో కరెంటు సరిగా రాదన్నాడు. అదే లైను మీద ఇంకో బోర్డు బాగానే నడిచింది. వాసన నీ ముక్కులో ఉండిపోయిందన్నాడు. మరి గుమ్మంలోనే ఆగిపోయిన మా అమ్మ ముక్కులోకి ఎలా వచ్చింది? చుక్కల సంగతి ఎత్తేసరికి ఆయన కెమెరాల సంచి భుజాన వేసుకుని పనికి బయల్దేరాడు. రమణమ్మ గారు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆ మిషనుని గౌరి పిల్లలు ఆడుకోవడానికి వాడుకున్నారు. ఒక్కసారి కూడా వేడెక్కలేదు.

ఆవిడ ఇంటికి వచ్చాక ఒక పగటిపూట చూడ్డానికి వెళ్ళాను. మంచం ఇప్పుడు వరండాలో లేదు, లోపల గదిలో వేశారు. గౌరి ఆవిడ పక్కనే కూర్చుని కమలాపండు వలిచి పెడుతోంది. కాలికి తెల్లటి కట్టు ఉంది. గదిలో మందుల వాసన తప్ప ఇంకేమీ లేదు.

"నీకెలా తెలిసిందమ్మా?" అని ఆవిడే అడిగారు.

దాచలేదు. దుకాణంలో జరిగినదంతా చెప్పాను. కాగితం సంగతి, అరచేతికి తగిలినదాని సంగతి, మా అమ్మ మాట, అన్నీ. ఆవిడ నవ్వుతారనో భయపడతారనో అనుకున్నాను. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"ఛీ ఛీ. నా కంపు స్మృతి నగర్ దాకా వొచ్చిందేటమ్మా?"

ఆవిడ చేతులు తీసి కిటికీ వైపు చూస్తూ అన్నారు.

"నేనైతే నిన్ను పిలవలేదమ్మా. నాకే తెలీని సంగతి నేనెలా సెప్తాను? నా కాలు నాకు సెప్పలేదు. పక్క గదిలో ఉన్న తమ్ముడికి సెప్పలేదు. ఎవరో తెలీని నీ దగ్గరికొచ్చి ఎందుకు సెప్పిందంటావు?"

దెయ్యమనుకుందామంటే చచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ అప్పుడు తన బల్ల ముందు కూర్చుని పిల్లలకి గుణింతం చెబుతూ ఉన్నారు.

వస్తానని లేచాను. ఆవిడ నా కుడిచేయి, ఆ జాలీకి ఆనించిన చేయి, తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నీకు తిండి సయించలేదంటివి కదా. అసియ్యం పెట్టేను. ఏటీ అనుకోకమ్మా" అన్నారు.